గోఖలే బిల్లును ఓడించినదెవరు?

ఏటా ఫిబ్రవరి మొదటి వారంలో నా ఫోనుకు ఒక సందేశం తప్పకుండా వస్తుంది. పంపేవారు మారుతుంటారు, సందేశం మారదు. 1835 ఫిబ్రవరి 2న మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో నిలబడి, భారతదేశం నలుమూలలా తిరిగినా తనకు ఒక్క బిచ్చగాడు గానీ ఒక్క దొంగ గానీ కనిపించలేదని చెప్పాడనీ, ఈ జాతి వెన్ను విరవాలంటే దీని చదువును మార్చాలని సలహా ఇచ్చాడనీ అందులో ఉంటుంది. పక్కన ఆయన బొమ్మ, కింద ఆవేశపూరితమైన వ్యాఖ్య. ఆ తేదీన మెకాలే లండన్‌లో లేడు, కలకత్తాలో ఉన్నాడు. అంతకు ముందు సంవత్సరమే ఓడ దిగి, గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడిగా పనిచేస్తున్నాడు. ఆ రోజు ఆయన రాసినది విద్యపై ఒక మినిట్. అందులో మన భాషల గురించీ, గ్రంథాల గురించీ అన్న మాటలు నిజంగానే అహంకారపూరితమైనవి. ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని కల్పించి తిట్టవలసిన అవసరం ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇటీవల ఈ చర్చ ఫోన్ల నుంచి సభావేదికల మీదికి కూడా ఎక్కింది. 2035 నాటికి ఆ మినిట్‌కు రెండు వందల ఏళ్లు నిండుతాయి గనుక, ఈలోగా మెకాలే మనస్తత్వాన్ని వదిలించుకోవాలన్న పిలుపులు ఢిల్లీలో వినిపిస్తున్నాయి. వదిలించుకోవలసిందే. అయితే దేనిని వదిలించుకోవాలి? పాత్రికేయుడిగా పార్లమెంటు చర్చలను అనుసరించే అలవాటున్నవాణ్ణి గనుక, వలసపాలనలో చదువు గురించి ఎవరైనా ఎత్తినప్పుడు నాకు మెకాలే మినిట్ కంటే ముందు ఒక ఓటింగు గుర్తుకొస్తుంది. 1912 మార్చి 19. అనుకూలం 13, వ్యతిరేకం 38. దానిని గుర్తుచేస్తూ ఎవరూ నాకు సందేశం పంపరు.

ఆ ఓటింగు దగ్గరికి వెళ్లేముందు కొంత వెనక్కి వెళ్లాలి.

బ్రిటిష్ వారు రాకముందు ఇక్కడ చదువే లేదన్నది ఒక అబద్ధం, అందరికీ చదువు ఉండేదన్నది ఇంకొక అబద్ధం. ఈ రెండింటికీ జవాబు మన మద్రాసు ప్రెసిడెన్సీ దస్త్రాలలోనే ఉంది. 1822లో గవర్నర్ థామస్ మన్రో ప్రతి జిల్లా కలెక్టరునూ బడుల లెక్క పంపమన్నాడు. ఆ నివేదికలన్నీ క్రోడీకరించి 1826లో ఆయన తేల్చిన అంకెలివి: ప్రెసిడెన్సీ జనాభా సుమారు కోటి 28 లక్షలు, బడులు 12,498, చదివే పిల్లలు 1,88,650. అంటే వెయ్యి మందికి ఇంచుమించు ఒక బడి. ఇంటి దగ్గర చదువుకునేవారిని కూడా కలుపుకుంటే మగపిల్లల్లో మూడోవంతు మందికి ఏదో ఒక చదువు అందుతోందని మన్రో అంచనా వేశాడు. అంతకు కొంతకాలం ముందటి యూరప్‌లోని చాలా దేశాల స్థితితో పోలిస్తే ఇది తీసిపోయేది కాదని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. 1931 అక్టోబరులో లండన్‌లోని చాథమ్ హౌస్‌లో మాట్లాడుతూ గాంధీజీ, యాభై వందేళ్ల కిందటి కంటే భారతదేశం ఇప్పుడే ఎక్కువ నిరక్షరాస్యంగా ఉందని, బ్రిటిష్ పాలకులు చదువు అనే చెట్టు వేళ్లను తవ్వి చూసి అలాగే వదిలేశారని అన్నది ఈ నేపథ్యంలోనే. ఆ మాటకు రుజువు చూపమని సర్ ఫిలిప్ హార్టాగ్ ఆయనను ఏళ్ల తరబడి వెంటాడాడు. ధర్మపాల్ ఆ దస్త్రాలను వెలికితీసి 1983లో పుస్తకంగా అచ్చువేసే వరకూ ఆ వాదం తెగలేదు.

కానీ ఆ దస్త్రాల్లోనే రెండో వైపు కూడా ఉంది. ఆ లక్షా 88 వేల మందిలో ఆడపిల్లలు నాలుగున్నర వేలు మాత్రమే. బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక చదివితే, అప్పటి మన సీమ కళ్లకు కడుతుంది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు, వారిలో ఆడపిల్లలు 60 మంది. తమిళ జిల్లాల వీధిబడుల్లో శూద్ర కులాల పిల్లలదే పెద్ద సంఖ్య. తెలుగు జిల్లాలకు వచ్చేసరికి బ్రాహ్మణ విద్యార్థుల వాటా అంతకంటే చాలా ఎక్కువ. ఇక అంటరానివారిగా చూడబడినవారి పిల్లలు మన జిల్లాల లెక్కల్లో దాదాపు కనబడరు. పిల్లలు వల్లెవేసే పద్యాలు వారు మాట్లాడే భాషలో లేవనీ, అర్థం తెలియకుండా చిలకపలుకుల్లా చదువుతున్నారనీ కూడా క్యాంప్‌బెల్ రాశాడు. ఈ మాట రాసింది దొర గనుక కొట్టిపారేయడానికి వీల్లేదు, గురజాడ, గిడుగు తరువాత చేసిన పోరాటమంతా ఆ మాట చుట్టూనే తిరిగింది గదా! అదే నివేదికలో ఆయన తన ప్రభుత్వాన్నీ వదల్లేదు. ఇంగ్లండు మిల్లుబట్టల వల్ల ఇక్కడి నేతగాళ్ల బతుకు కూలిపోయిందనీ, తల్లిదండ్రులు పిల్లల లేత చేతులు పనికి అందిరాగానే బడి మాన్పిస్తున్నారనీ, పాత బడులు పేదరికం వల్లనే మూతపడుతున్నాయనీ చెప్పాడు. కంపెనీ బడులను కూల్చలేదు. బడులను పోషించిన ఊరిని కూల్చింది. అంతకంటే సూక్ష్మంగా ఎవరూ ఆ సంగతి చెప్పినట్టు నాకు తెలియదు.

మెకాలే సాధించినది ఏమిటంటే, ఆ ఎండిపోతున్న బడులకు రావలసిన డబ్బును మరో దారికి మళ్లించడం. 1813 చార్టర్ చట్టం విద్య కోసం ఏటా లక్ష రూపాయలు కేటాయించింది. సామ్రాజ్యమంతటికీ లక్ష! ఆ లక్షను సంస్కృతానికీ అరబ్బీకీ పెట్టాలా, ఇంగ్లీషుకు పెట్టాలా అన్నదే 1835లో తగాదా. ఊరి బడికి పెట్టాలన్న వాదన ఆ గదిలో ఎవరి నోటా గట్టిగా వినబడలేదు. పైనున్న కొద్దిమందికి చదువు చెబితే అది వడపోతలో నీటి చుక్కల్లా కిందివారికి దిగుతుందని అన్నారు. వడపోత సిద్ధాంతం అన్న పేరు దానికి అలా స్థిరపడింది. మెకాలే మీద నా ఫిర్యాదు ఇంగ్లీషు గురించి కాదు, ఈ వడపోత గురించి. ఇంగ్లీషును మనం వాడుకున్నాం, దానితోనే దాదాభాయి నౌరోజీ సంపద తరలింపు లెక్కలు కట్టాడు. వడపోతను మాత్రం మనం నమ్మాం.

నీటి చుక్కలు ఎంత వరకు దిగాయో చెప్పే ఉదంతం ఒకటి ఉంది. 1856లో ధార్వాడలో ఒక మహర్ బాలుడు ప్రభుత్వ పాఠశాలలో చేరతానని అర్జీ పెట్టుకున్నాడు. అది ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడి. బొంబాయి ప్రభుత్వం ఆ అర్జీని తోసిపుచ్చింది. న్యాయం పిల్లవాడి వైపే ఉందని ఒప్పుకుంటూనే, ఒక్కడిని చేర్చుకుంటే మిగిలినవారందరూ మానేస్తారని, బడి మూతపడుతుందని చెప్పింది. ఈ వ్యవహారం కలకత్తాకూ, అక్కడి నుంచి లండన్‌కూ వెళ్లింది. ప్రభుత్వ బడులు అన్ని వర్గాలవారికీ తెరచి ఉండాలని కంపెనీ డైరెక్టర్లు 1858లో నిర్ణయం చెప్పారు. కాగితం మీద తలుపు తెరుచుకుంది. ఆ అబ్బాయి చదువు ఏమైందో దస్త్రాలు పట్టించుకోలేదు. దశాబ్దాల తరువాత అణగారిన వర్గాల విద్య గురించి రాస్తూ అంబేద్కర్ ఈ ఉదంతాన్ని ప్రస్తావించాడు. వలసపాలన అన్న పదం ఒక్కటే ఇందులోని ఇద్దరు దోషులనూ పట్టుకోలేదు. బడి కట్టినది పరాయి ప్రభుత్వం. గుమ్మం దగ్గర అడ్డం నిలిచినవారు మనవారు.

అంతకు ముందే, 1848లో, పుణెలో జ్యోతిరావు ఫూలే ఆడపిల్లల కోసం బడి పెట్టాడు, సావిత్రీబాయి అందులో పాఠాలు చెప్పింది. మరుసటి సంవత్సరం వారిద్దరూ ఇల్లు వదలవలసి వచ్చింది. ఆ బడుల్లో చదివిన ముక్తా సాళ్వే అనే మాంగ్ కులపు బాలిక, ఇంకా బాల్యం దాటని వయసులో, మహర్ మాంగుల దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. 1855లో జ్ఞానోదయ పత్రిక దాన్ని ప్రచురించింది. వేదాలు మాకు నిషిద్ధమైతే మా మతం ఏమిటని ఆ పిల్ల దేవుణ్ణి అడిగింది. పీష్వాల కాలంలో తన వారిని ఎలా హింసించారో చెప్పి, ఆంగ్లేయుల ఏలుబడిలో అది ఆగినందుకు ఊరట పడింది. జాతీయవాద చరిత్ర చదువుతూ పెరిగిన మనకు ఈ చివరి మాట ఇబ్బందిగా ఉంటుంది. ఉండాలి కూడా. 1857 తిరుగుబాటుకు రెండేళ్ల ముందు, చదువు ఇచ్చిన మొదటి స్వేచ్ఛతో ఒక బాలిక తన ఎదుట ఉన్న సంకెళ్లను వర్ణించింది. ఆమెకు దగ్గరగా కనబడిన సంకెల లండన్‌లో తయారైనది కాదు.

1882లో డబ్ల్యూ.డబ్ల్యూ. హంటర్ అధ్యక్షతన విద్యా కమిషన్ వచ్చినప్పుడు ఫూలే దాని ఎదుట పెట్టిన వాదన నా దృష్టిలో ఆ శతాబ్దపు గొప్ప రాజకీయ పత్రాలలో ఒకటి. ప్రభుత్వ ఖజానా నిండేది రైతు కట్టే శిస్తుతో. ఖర్చు మాత్రం పై కులాల పిల్లల కాలేజీలకు. ఇది ఏమి న్యాయమని అడిగాడు. కనీసం 12 ఏళ్ల వయసు వరకు ప్రాథమిక విద్యను నిర్బంధం చేయమన్నాడు. పంతుళ్లను కూడా రైతు కులాల నుంచి తీసుకోవాలనీ, అవసరమైతే నాగలి పట్టడానికీ బాడిశ పట్టడానికీ సిగ్గుపడనివారై ఉండాలనీ చెప్పాడు. వ్యవసాయం, ఆరోగ్యం గురించిన పాఠాలు ఉండాలన్నాడు. వడపోత సిద్ధాంతాన్ని అంత సూటిగా, ఖజానా లెక్కలతో సహా ఎదుర్కొన్నవాడు అంతకు ముందు లేడు. అదే కమిషన్ ఎదుట పండిత రమాబాయి మహిళా ఉపాధ్యాయుల గురించీ మహిళా వైద్యుల గురించీ మాట్లాడింది. కమిషన్ ప్రాథమిక విద్య చాలా ముఖ్యమని రాసి, దాని భారాన్ని స్థానిక సంస్థల మీద వేసి చేతులు దులుపుకుంది.

అదే పుణెలో, మరో రెండేళ్లకు ఆడపిల్లల ఉన్నత పాఠశాల వచ్చినప్పుడు, తిలక్ నడిపిన మరాఠా పత్రిక అక్కడి చదువు స్థాయిని ఎద్దేవా చేసింది. ఇంగ్లీషూ గణితమూ ఆడపిల్లలకు ఎందుకన్నది ఆ పత్రిక ప్రశ్న. తిలక్ పట్ల నాకు గౌరవం తక్కువ కాదు, రాజద్రోహ నేరం కింద ఆరేళ్లు మాండలేలో గడిపిన మనిషి ఆయన. స్వరాజ్యం జన్మహక్కు అన్న నాయకునికి చదువు అలా కనబడకపోవడం ఆయన ఒక్కడి లోపం కాదు, ఆ తరం జాతీయవాదంలోని పెద్ద భాగం అక్కడే ఆగిపోయింది.

గోపాలకృష్ణ గోఖలే ఆగలేదు. ఆయనను మితవాది అని పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఫెర్గూసన్ కాలేజీలో పాఠాలు చెప్పి, అంకగణితం మీద పాఠ్యపుస్తకం రాసిన మేష్టారు ఆయన. ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో 1902లో చేసిన తొలి బడ్జెటు ప్రసంగంలోనే, మిగులు చూపిస్తూ మురిసిపోతున్న ప్రభుత్వానికి ఆ మిగులు పేదల నుంచి అవసరానికి మించి పిండుకున్న పన్ను అని లెక్కలతో చెప్పాడు. 1910 మార్చిలో ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం చేసే విషయం పరిశీలించడానికి ఒక కమిషన్ వేయమని తీర్మానం తెచ్చాడు. ప్రభుత్వం పరిశీలిస్తామన్నది, ఆయన ఉపసంహరించుకున్నాడు. (పరిశీలిస్తామన్న మాటకు మన సభల్లో ఉన్న చరిత్ర అంత పాతది.) ఆ ఏడాదే విద్యకు ప్రత్యేక శాఖ ఏర్పడింది, హార్‌కోర్ట్ బట్లర్ దానికి సభ్యుడయ్యాడు. అంతకు మించి కదలిక లేదు. 1911 మార్చి 16న గోఖలే స్వయంగా బిల్లు ప్రవేశపెట్టాడు.

ఆ బిల్లు ఎంత వినయంగా ఉందో చదివితే గాని తెలియదు. దేశమంతటా ఒకేసారి నిర్బంధం కాదు. పిల్లల్లో నిర్ణీత శాతం మంది అప్పటికే బడికి వెళ్తున్న ప్రాంతాల్లో మాత్రమే. అక్కడ కూడా మునిసిపాలిటీయో జిల్లా బోర్డో ముందుకు వస్తేనే, దానికి ప్రాంతీయ ప్రభుత్వం అనుమతిస్తేనే. 6 నుంచి 10 ఏళ్ల మగపిల్లలకు మాత్రమే, ఆడపిల్లల సంగతి తరువాత చూసుకోవచ్చు. నెలకు 10 రూపాయలలోపు ఆదాయం ఉన్న తల్లిదండ్రుల నుంచి రుసుము వసూలు చేయరాదు. ఖర్చులో రెండు వంతులు ప్రభుత్వం, ఒక వంతు స్థానిక సంస్థ. ఇంగ్లండులో 1870లో, 1876లో వచ్చిన చట్టాలనే ఆయన నమూనాగా తీసుకున్నాడు. మీ దేశంలో మీరు చేసుకున్నదే ఇక్కడ చేయమంటున్నానని పాలకుల ఎదుట చెప్పడానికి అంతకంటే మర్యాదైన పద్ధతి లేదు. పరాయి ఉదాహరణ వద్దంటే స్వదేశీ ఉదాహరణ కూడా చేతిలో ఉంది. బరోడాలో శాయాజీరావు గాయక్వాడ్ 1893లో అమ్రేలీ తాలూకాలో ప్రయోగం మొదలుపెట్టి, 1906 నాటికి సంస్థానమంతటా నిర్బంధ విద్య అమలు చేశాడు. అప్పటి జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి ఆరుగురు, ఆడవారిలో నూటికి ఒక్కరు.

బిల్లును అభిప్రాయాల కోసం పంపారు. ఈలోగా 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారు జరిగింది. అయిదో జార్జి చక్రవర్తి పట్టాభిషేక సందర్భంగా ప్రజావిద్య కోసం 50 లక్షల రూపాయలు ప్రకటించారు. సభ హర్షధ్వానాలు చేసింది, పత్రికలు కీర్తించాయి. రాజు దయతో ఇచ్చిన ఆ 50 లక్షలకూ, మూడు నెలల తరువాత గోఖలే బిల్లుకు పట్టిన గతికీ మధ్య ఉన్న తేడాలోనే ఈ కథంతా ఉంది. దర్బారులో ఇచ్చినది కానుక, తీసుకున్నవాడు చేతులు జోడించాలి. గోఖలే అడిగింది చట్టం. అది వస్తే ప్రతి ఊరి తండ్రికీ మా ఊరికి బడి ఏదని అడిగే అధికారం వస్తుంది.

1912 మార్చి 18, 19 తేదీల్లో కౌన్సిల్ రెండు రోజులు చర్చించింది. ప్రజల నుంచి డిమాండు లేదన్నారు. ప్రాంతీయ ప్రభుత్వాలు ఒప్పుకోవడం లేదన్నారు. డబ్బు లేదన్నారు, పంతుళ్లు లేరన్నారు. ఇష్టపడి వచ్చేవారికే ఇంకా బడులు చాలడం లేదు, నిర్బంధం ఎందుకన్నారు. మదన్ మోహన్ మాలవీయ బిల్లును సమర్థించాడు. మహమ్మదలీ జిన్నా సమర్థించాడు, డబ్బు లేదనే వాదాన్ని ఆయన గట్టిగా తిప్పికొట్టాడు. మాలవీయ, జిన్నా ఒకే బిల్లుకు ఒకే వైపు ఓటు వేసిన రోజు అది. కౌన్సిల్‌లో ప్రభుత్వ అధికారులదే మెజారిటీ గనుక ఫలితం ముందే తెలుసు. కానీ వ్యతిరేకంగా మాట్లాడినవారిలో, ఓటు వేసినవారిలో అధికారులు మాత్రమే లేరు. భూస్వామ్య వర్గాలకు ప్రాతినిధ్యం వహించిన భారతీయులు కూడా అటువైపు నిలిచారు. పశువులు కాసే పిల్లవాడు బడికి పోతే పశువులను ఎవరు కాస్తారన్నది ఆ వర్గాలలో ఎప్పుడూ ఉన్న ప్రశ్న. అది అందరూ పైకి అనరు.

బిల్లు ఓడిపోతుందని తెలిసే గోఖలే చివరి మాటలు మాట్లాడాడు. తన తరం వారికి దేశసేవ తమ పరాజయాల ద్వారానే సాధ్యమని, విజయాలతో సేవ చేసే తరం తరువాత వస్తుందని ఆయన అన్న మాటల సారాంశం. మూడేళ్లు తిరక్కుండానే, 1915 ఫిబ్రవరి 19న, 48 ఏళ్ల వయసులో ఆయన మరణించాడు.

బ్రిటిష్ ప్రభుత్వం ప్రజల చదువుకు భయపడిందని మనం తరచూ అంటుంటాం. నా అభిప్రాయంలో అది భయపడింది ఖర్చుకు. చదువుకున్నవాడికి భయపడిన సందర్భాలు వేరు, అవి కాలేజీల దగ్గర జరిగాయి. కర్జన్ 1904లో విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చి వాటి మీద పట్టు బిగించాడు. బెంగాల్ విభజన వ్యతిరేక ఉద్యమంలో పాల్గొనే విద్యార్థుల బడులకు గ్రాంట్లు ఆపుతామని 1905లో కార్లైల్ సర్క్యులర్ బెదిరించింది. దానికి జవాబుగానే 1906లో కలకత్తాలో జాతీయ విద్యా పరిషత్తు పుట్టింది. ఆ గాలి మన గోదావరి ఒడ్డుకు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వెళ్లాక, ప్రభుత్వ ట్రెయినింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు హాజరయ్యారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ క్రమశిక్షణ చర్యలకు దిగాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. ఆ మరుసటి ఏడాది స్వరాజ్య పత్రికలో వచ్చిన రాతకు ఆయన జైలు పాలయ్యాడు.

ఆయన్ని ఉపాధ్యాయుడు కాకుండా చేయాలని చూసిన ప్రభుత్వం, ఆంధ్రదేశానికే ఉపాధ్యాయుణ్ణి చేసింది. తరువాతి దశాబ్దాల్లో ఆయన గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ అంకితమయ్యాడు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడింది. పుస్తకాలను పడవల మీద ఊరూరికీ తిప్పారు. మచిలీపట్నంలో 1910 నాటికే కోపల్లె హనుమంతరావు జాతీయ కళాశాల మొదలుపెట్టాడు. గోఖలే బిల్లు ఓడిన చోట, ఎవరి అనుమతీ అడగకుండా, ఊళ్లు తమకు చేతనైనంత చేసుకున్నాయి. తెలుగువారి స్వాతంత్ర్య పోరాటంలో ఉప్పు కంటే ముందు పుస్తకం ఉందని నేను నమ్ముతాను. అయితే ఆ గ్రంథాలయాల వల్ల ఎక్కువగా లాభపడింది అప్పటికే చదవడం వచ్చినవారు. చదవడం రాని నూటికి 94 మందికి కావలసింది బడి, ఆ బడికి కావలసింది ఖజానా.

ఖజానా 1919 సంస్కరణలతో సగం మన చేతికి వచ్చింది. విద్య మన మంత్రులకు బదిలీ అయింది. దానితో పాటు ఎక్సైజు కూడా వచ్చింది. బడులు నడపాలంటే సారా అమ్మాలి, ఇదీ ఏర్పాటు. మద్యనిషేధం తెస్తే పిల్లల చదువుకు డబ్బు ఉండదన్న వాదన 1937లో కాంగ్రెసు మంత్రివర్గాల ఎదుట నిలిచినప్పుడు గాంధీజీ ఎంత బాధపడ్డాడో ఆ నాటి హరిజన్ పత్రిక చూస్తే తెలుస్తుంది. చేతిపని ద్వారా బడి తన ఖర్చు తానే సంపాదించుకోవాలన్న వార్ధా పథకానికి ఒక మూలం ఆ ఇరకాటంలో ఉంది. ఆదర్శంగా దాన్ని ఎంతో పొగిడారు, నాకు మాత్రం అది ఖజానా ఎదుట ఓడిపోయిన ఒక గొప్ప మనిషి వెతుక్కున్న దారిగా కనిపిస్తుంది. పిల్లవాడు నూలు వడికి పంతులు జీతం సంపాదించాలనడం ఫూలే ఒప్పుకునేవాడు కాదు. ఆ పిల్లవాడి తండ్రి శిస్తు ఎప్పుడో కట్టేశాడు. అంబేద్కర్ 1927లో బొంబాయి కౌన్సిల్‌లో ఎక్సైజు రాబడినీ విద్యపై ఖర్చునూ పక్కపక్కన పెట్టి, మా దగ్గర తీసుకున్నంతైనా మా చదువుకు తిరిగి పెట్టమని అడిగాడు. ఆయన్ని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపినది నిర్బంధ విద్య తెచ్చిన ఆ బరోడా ప్రభువే. సారా రాబడి లేకపోతే సంక్షేమం నడవదన్న మాట రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులు ఇప్పటికీ ఏదో ఒక రూపంలో చెబుతూనే ఉన్నారు గనుక దీన్ని పాత ముచ్చటగా దాటెయ్యలేం.

స్వాతంత్ర్యం వచ్చింది. పదేళ్లలో 14 ఏళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్నాం. ఆ గడువు 1960తో ముగిసింది. ఆదేశిక సూత్రం గనుక ఎవరూ కోర్టుకు వెళ్లలేరు. గోఖలే అడిగిన హక్కు మళ్లీ దయ కిందికే వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు, 14 ఏళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఆ తీర్పులో ప్రతివాదిగా మన రాష్ట్రం పేరుండటం యాదృచ్ఛికమే గాని, చదివినప్పుడల్లా కొంచెం గుచ్చుకుంటుంది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. గోఖలే బిల్లు ఓడిపోయి అప్పటికి 98 ఏళ్లు. అందులో 35 ఏళ్లు బ్రిటిష్ వారివి, మిగిలిన 63 మనవి.

ఆ చట్టంలో ప్రయివేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలన్న నిబంధన ఉంది. దాని అమలుకు కదలడానికి తెలుగు రాష్ట్రాలు దశాబ్దానికి పైగా తాత్సారం చేశాయి. కారణాలు అడిగితే డబ్బు లేదన్నారు, బడులు ఒప్పుకోవడం లేదన్నారు. 1912 మార్చి చర్చల ప్రతిని తెరిచి పక్కన పెట్టుకుంటే ఏ జవాబు ఏ సంవత్సరానిదో గుర్తుపట్టడం కష్టం. మనవాళ్ల పిల్లలు చదివే బడి వేరు, పనిమనిషి పిల్లలు చదివే బడి వేరు అయినంతకాలం ఈ తాత్సారం మనలో ఎవరికీ నొప్పి పుట్టించదు. శాసనసభ్యుల పిల్లలు ప్రభుత్వ బడిలో చదువుతుంటే ఉపాధ్యాయ ఖాళీలు ఎన్నాళ్లు మిగిలి ఉండేవో పాఠకులే ఊహించగలరు.

మెకాలే మనస్తత్వం మీద ఢిల్లీలో జరుగుతున్న చర్చ నిజాయితీగా జరగాలంటే, దాన్ని ఇంగ్లీషు మాధ్యమం దగ్గర ఆపకూడదు. మాతృభాషలో చదువు కావాలన్నది మంచి వాదనే, నేనూ అదే పక్షం. కానీ ఆ వాదన చేసేవారి పిల్లలు ఏ మాధ్యమంలో ఉన్నారని ఊరి తండ్రి అడుగుతున్నాడు, జవాబు చెప్పలేక ముఖం తిప్పుకుంటున్నాం. దళిత బస్తీలో ఇంగ్లీషు మీద ఉన్న ఆశ బానిసత్వం కాదు, ధార్వాడ బడి గుమ్మం దగ్గరి అర్జీకి అది కొనసాగింపు.

ఈ జూన్‌లో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల తెరిచిన రోజున అక్కడున్నాను. పిల్లలకు సంచులు, పుస్తకాలు, యూనిఫారాలు పంచుతున్నారు. మంచి పని, ఎవరు చేసినా మంచి పనే. ఒక తల్లి సంచి అందుకుని, వేదిక మీద ఉన్నవారికి వంగి దండం పెట్టింది. వేదిక మీది వారు దాన్ని సహజంగా స్వీకరించారు. గత ప్రభుత్వంలో ఆ సంచుల మీద వేరే పేరుండేది. పంపకం అయ్యాక, మూడో తరగతికి, నాలుగో తరగతికి కలిపి ఒకే టీచరు ఉన్నారెందుకని ఆమె పక్కనున్న ఆయాను అడిగింది. వేదిక వైపు తిరిగి అడగలేదు.